ముల్లు సున్నా మీదే ఉంది

జూన్ 2, సోమవారం

ఇంటికి వచ్చాను. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశారు.

కొట్టు మూసే ముందు ఆ రోజు ఏ కాటా మరమ్మతుకు వచ్చింది, ఏం చేశాను అని రెండు ముక్కలు రాసుకోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఇప్పుడు మరమ్మతుకు వచ్చింది నేనే. కాబట్టి నా సంగతే రాస్తాను.

ఆపరేషన్ చేసి వెన్నులో జారిన డిస్కు ముక్కను తీసేశారు. కాలిలోకి దిగే నరం మీది బరువు పోయిందట. వంగకూడదు, బరువెత్తకూడదు, నడుం తిప్పకూడదు. రోజూ వేసుకునే మాత్రలు కాక, నొప్పి ఉంటేనే వేసుకోమని ఇంకో రకం ఇచ్చారు.

ఆసుపత్రిలో పూటపూటా నర్సు వచ్చి నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగేది. రెండు అని చెప్పేవాడిని. ఈరోజూ రెండే.

జూన్ 3

రెండు.

జూన్ 5, గురువారం

పొద్దున లేవడానికి మా ఆవిడ సాయం పట్టింది. ముందు పక్కకు తిరగాలి, కాళ్లు కిందికి వదలాలి, మోచేతి మీద లేవాలి. మూడూ ఒకేసారి జరగాలంటే ఎవరో ఒకరు భుజం కింద చెయ్యి వేయాలి. ఆవిడ చెయ్యి వేసింది. "నా మెడ పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. పెళ్లిలో కూడా ఇంత దగ్గరగా నిలబడలేదు మేము.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"ముఖం అలా పెట్టారేం?"

"నా ముఖమే అంత."

నవ్వింది. స్నానానికి నీళ్లు కాచి బకెట్టు మోసుకెళ్లి బాత్రూంలో పెట్టింది. తిరిగి వస్తూ గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది.

నొప్పి రెండు. తువ్వాలు అంచున దారాలు లేస్తున్నాయి. పాతబడింది.

జూన్ 8, ఆదివారం

ఎదురింటి టీచరమ్మ చూడటానికి వచ్చింది. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. కాసేపటికి మించి కూర్చోవద్దని చెప్పారు. కానీ మనిషి ఇంటికొస్తే పడుకుని మాట్లాడటం ఏం మర్యాద?

టీచరమ్మ మా ఆవిడతో అంది: "నీ పోరు పడలేక ఒప్పుకున్నాడు కానీ, లేకపోతే ఈపాటికి మంచాన పడి ఉండేవాడు. నువ్వు చేయించావు కాబట్టే ఇలా కూర్చుని టీ తాగుతున్నాడు."

"ఎన్ని మాటలు పడ్డానో మీకేం తెలుసండీ" అంది మా ఆవిడ. "కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని ఈయన, పెట్టకపోతే పడిపోతాయని నేను. రెండు నెలలు ఇంట్లో ఇదే యుద్ధం."

అలా అంటూ నా వైపు చూసింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది.

"బాగుందా అన్నయ్యగారూ ఇప్పుడు?" అంది టీచరమ్మ.

"బ్రహ్మాండం" అన్నాను.

వాళ్లిద్దరూ టీచరమ్మ స్కూలు కబుర్లలో పడ్డారు. కాలిలో మంట మొదలైంది. తుంటి దగ్గర మొదలై తొడ వెనకగా దిగి చిటికెన వేలి దాకా ఎవరో కాల్చిన తీగ లాగుతున్నట్టు. టీ చల్లారింది. టీచరమ్మ వెళ్లాక బాత్రూంకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

రెండు.

జూన్ 9

కుళాయి తిప్పి ఉంచితే బయటికి ఏమీ వినపడదు. తువ్వాలు మార్చాలి.

జూన్ 11, బుధవారం

ఆసుపత్రిలో నా పక్క మంచం ఒక డ్రైవరుది. ఈరోజు ఎందుకో పదేపదే గుర్తొస్తున్నాడు. మొదటిసారి కోసి కుట్టాక, నొప్పి తగ్గలేదు, తగ్గలేదు అని రోజూ మొరపెట్టుకున్నాడట. మళ్లీ తెరిచారు. నేను ఇంటికి వస్తుంటే చెయ్యి పట్టుకుని అన్నాడు: "గుర్తుపెట్టుకో అన్నా. ఇక్కడ నోరు తెరిస్తే నడుం తెరుస్తారు."

పెద్ద నవ్వు నవ్వాడు. నవ్వి, అయ్యో అన్నాడు.

నొప్పి ఉంటేనే వేసుకోమన్న మాత్రల పట్టీ చెక్కు చెదరకుండా అలమరలో ఉంది. మా ఆవిడ దాన్ని చూసి "ఒక్కటీ వేసుకోలేదే!" అంది. "అవసరం పడలేదు" అన్నాను. పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి అక్కడే పెట్టేసింది. సంతోషించి ఉంటుంది.

జూన్ 12

రెండు.

జూన్ 14, శనివారం

ఈరోజు నడుంతో పాటు కడుపు కూడా నొప్పి పెట్టింది. నవ్వకూడదని డాక్టరు చెప్పలేదు మరి.

నేను ఇంట్లో ఉన్నన్నాళ్లు కొట్టు మా బావమరిది చూస్తున్నాడు. మా ఆవిడ తమ్ముడు. స్నేహితులు వాడికి మైకు అని పేరు పెట్టారు. వాడు గుసగుసలాడితే వీధి చివరికి వినపడుతుంది. నా దగ్గర పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాననే అనుకుంటున్నాడు.

పొద్దున్నే కిరాణా కొట్టాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక గడియారం కాటా తెచ్చి బల్ల మీద పెట్టారు. పైన పళ్లెం, కింద గడియారంలా గుండ్రటి ముఖం, అందులో ముల్లు. ఈ రకం కాటాలు ఇప్పుడు తక్కువ. కొట్టాయనకు అదే కావాలి.

"ఏమయ్యా, నీ బావమరిది బాగుచేశాడు చూడు" అన్నాడాయన. "వారం నుంచి నా కొట్టు ముందు ఒకటే జనం. పక్క వీధుల నుంచి కూడా వస్తున్నారు. నా మంచితనమనుకున్నాను."

"కాదా?" అన్నాడు మైకు.

"తూకమయ్యా! కిలో అడిగితే కిలో మీద గుప్పెళ్లు గుప్పెళ్లు పోతోంది. కాటా తక్కువ చూపిస్తోంది, నేను ముల్లు వచ్చేదాకా పోస్తున్నాను."

"అంటే నీకు మంచిపేరు తెచ్చింది నేనే కదా" అన్నాడు మైకు.

పడుకునే చూశాను. పళ్లెం ఖాళీగా ఉంది. ముల్లు సున్నా మీదే ఉంది. చూడటానికి ఏ తప్పూ లేదు. మా ఆవిడను అడిగి ఒక సబ్బుబిళ్ల పళ్లెంలో పెట్టించాను. ముల్లు కదలలేదు. ఇంకొకటి పెట్టించాను. అప్పుడూ కదలలేదు.

సున్నా దగ్గర చిన్న మేకు ఉంటుంది, ముల్లు అంతకంటే కిందికి పోకుండా. ముల్లు ఆ మేకుకు ఆని నిలబడి ఉంది. మేకే లేకపోతే ఎంత కిందికి పోయేదో.

"ఒరేయ్, సున్నా పెట్టేటప్పుడు పళ్లెంలో ఏముంది?"

"ఏమీ లేదు బావా."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. నీ పటకారు ఎక్కడ పెట్టావు?"

కాసేపు గోడ వైపు చూశాడు. "చేతికి అందుబాటులో ఉంటుందని..."

"పళ్లెంలో పెట్టావు."

"పళ్లెంలో పెట్టాను."

పటకారు బరువు పళ్లెంలో ఉండగా ముల్లు సున్నాకి తెచ్చాడు. తరవాత పటకారు తీసేశాడు. ఇక ఆ కాటా మీద ఏం పెట్టినా, ముందు పటకారంత బరువు మింగేసి మిగిలిందే చూపిస్తుంది.

"పళ్లెం ఖాళీగా ఉందో లేదో చూడకుండా సున్నా పెట్టేవాడిని ఏమంటారురా?"

"బావమరిది అంటారు" అన్నాడు.

కొట్టాయన నవ్వాడు, మా ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వు మధ్యలో నడుం పట్టేసింది. మంచం అంచు గట్టిగా పట్టుకున్నాను. వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మా ఆవిడ మాత్రం ఆపేసింది.

రెండు.

జూన్ 16, సోమవారం

ఫిజియో అమ్మాయి వచ్చింది. వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చి నన్ను నడిపిస్తుంది, కాళ్లు ఎత్తిస్తుంది. నన్ను అంకుల్ అంటుంది, పోలీసులా చూస్తుంది.

"అంకుల్, ఎంత?"

"రెండు."

"రెండుకి ఇంత చెమట పడుతుందా?"

"ఎండాకాలం కదమ్మా."

ఎత్తిన కాలు దించమంది. బల్ల మీద కూర్చుంది. "సరే, ఒకటి చెప్పండి. మీ లెక్కలో సున్నా అంటే ఏంటి?"

"పొద్దున కదలకుండా పడుకుని ఉంటాను చూడు, అది."

"అప్పుడు అస్సలు నొప్పి ఉండదా?"

"ఉంటుంది. అది మామూలేగా. ఏడాదిన్నరగా ఉన్నదే."

ఆ అమ్మాయి కాగితంలో ఏదో రాసుకుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో నీళ్ల గ్లాసు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

జూన్ 17

మొన్న మైకుని అంతలేసి మాటలు అనకుండా ఉండాల్సింది.

జూన్ 18

రెండు అని రాయబోయి ఆగాను. ఏం రాయాలో తెలియలేదు.

జూన్ 21, శనివారం

మార్కెట్ గోదాములోని పెద్ద కాటా సరిచూసే రోజు దగ్గర పడుతోంది. మనిషి నిలబడేంత పలక, దాని మీద ఇరవై కిలోల ఇనప తూకపు గుళ్లు ఒక్కొక్కటీ ఎక్కించాలి. ఎక్కించినప్పుడల్లా అంకె చూడాలి. ఎక్కించడం, చూడటం రెండూ నేనే చేసేవాడిని. ఇద్దరి చెయ్యి పడితే పని చెడుతుందని నా నమ్మకం. మైకుని గుళ్లు ముట్టుకోనిచ్చేవాడిని కాదు.

బుధవారం పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెండు అని చెబితే బరువులెత్తడానికి ఒప్పుకోవచ్చు. అంతకు మించి చెబితే డ్రైవరు మాట గుర్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గదిలో నా పక్కన మా ఆవిడ కూర్చుంటుంది. చేయించుకోండి, నా మాట వినండి అని బతిమాలింది తను. ఏడ్చింది, అన్నం మానేసింది. నాకు నయం కాలేదంటే ఆ మాట ఎవరికి తగులుతుంది?

ఇంత రాయడం అలవాటు లేదు. చెయ్యి నొప్పి పుట్టింది. దానికి అంకె సులువు. ఒకటి.

జూన్ 23, సోమవారం

మధ్యాహ్నం దుప్పటి మడతపెడుతూ మా ఆవిడ అడిగింది. "మీకు నా మీద కోపమా?"

"ఎందుకు?"

"ఏమో."

"లేదు."

"ఉంటే తిట్టండి. ఇలా లోపల పెట్టుకోకండి."

"ఏం లేదంటున్నానుగా."

దుప్పటి నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టింది. నేను కిటికీలోంచి వీధి చూశాను. వీధిలో ఏమీ లేదు.

జూన్ 25, బుధవారం

ఈరోజుది వరసగా రాస్తాను.

డాక్టరు గది బయట బల్లలు గట్టివి. కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా ఆవిడ కూడా లేచి నిలబడింది. "నువ్వు కూర్చో" అన్నాను. "మీరు నిలబడితే నాకు కూర్చోబుద్ధి కాదు" అంది. ఇద్దరం నిలబడే ఉన్నాం. ఖాళీ బల్ల మీద మా సంచి కూర్చుంది.

లోపలికి పిలిచారు. డాక్టరు కుట్టు చూశాడు. కాలు ఎత్తించాడు, మడమల మీద నడిపించాడు. కొత్తగా తీయించిన ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పెట్టి చూశాడు. బాగుంది, బాగుంది అంటున్నాడు.

"నొప్పి ఎంత? సున్నా నుంచి పదిలో?"

నాలుక మీద రెండు సిద్ధంగా ఉంది. మా ఆవిడ నన్ను చూడటం లేదు. నేల చూస్తోంది. సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుంది, మొన్న నేను మంచం అంచు పట్టుకున్నట్టు.

మేకుకు ఆనుకున్న ముల్లు కళ్ల ముందు కనపడింది. సబ్బుబిళ్లలు పెడుతున్నా కదలని ముల్లు.

"ఏడు" అన్నాను.

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇంతకుముందంతా రెండు అని ఉందే ఇక్కడ?"

"తప్పు చెప్పాను. ఏడు. కొన్ని పూటలు అంతకంటే ఎక్కువ."

అప్పుడు మా ఆవిడ తల ఎత్తకుండానే అంది: "నేను ఎనిమిదనుకున్నాను."

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి ఆ మాత్ర?"

"ఒక్కటీ వేసుకోలేదండీ" అంది. "పట్టీ పట్టీలా ఉంది."

"మళ్లీ కోస్తారా?" అని అడిగాను. అడగాలనుకోలేదు, వచ్చేసింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"పక్క మంచం డ్రైవరు."

"ఆయన సంగతి వేరు. ఆయనకి లోపల చీము పట్టింది" అన్నాడు. ఫోటో చూపించి నెమ్మదిగా చెప్పాడు. ఆపరేషన్ సరిగ్గానే జరిగింది. కానీ నరం ఏడాదిన్నర నలిగింది. మీద బరువు తీసేసినా అది వెంటనే మరిచిపోదు. నెలలు పట్టవచ్చు. కొంత నొప్పి ఉండిపోయినా ఉండిపోవచ్చు. నరానికి వేరే మందు రాస్తాను, ఆ మాత్ర దాచుకోవడానికి ఇచ్చింది కాదు. వ్యాయామం తగ్గించి మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెండు అన్నారు కదా అని ఆ అమ్మాయి మీకు ఎక్కువ చేయించింది.

"ఇరవై కిలోల గుళ్లు?"

"ఈ జన్మకి వద్దు."

బయటికి వచ్చి మళ్లీ అదే గోడకు ఆనుకున్నాం.

"ఎవరైనా నన్ను మెచ్చుకుంటుంటే మీరు బాత్రూంలోకి పోయి తలుపేసుకునేవారు" అంది మా ఆవిడ. "నా మీద కోపమే అనుకున్నాను. బలవంతంగా కోయించింది, బాగుపడలేదు, పైకి చెప్పకుండా లోపల తిట్టుకుంటున్నారు అనుకున్నాను."

"నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"చెప్పకపోతే బాధపడలేదా?"

"నీకెలా తెలిసింది?" అన్నాను.

"తువ్వాళ్లు ఉతికేది ఎవరనుకున్నారు?" అంది. "అంచుల నిండా పళ్ల గాట్లు. ఒకటి కాదు, మూడు తువ్వాళ్లు. ఇంట్లో కుక్క కూడా లేదు, దాని మీద తోసేయడానికి."

నవ్వబోయి ఏడ్చింది. నేను గోడ వదిలి ఆవిడ భుజం పట్టుకున్నాను. నడవాలో అందరూ చూశారు. చూడనీ.

జూన్ 26

మాత్ర వేసుకున్నాను. ఏడు నాలుగైంది. అంత దిగుతుందని తెలియక ఇన్నాళ్లూ... సరే.

జూన్ 29

ఆరు. ఆరని చెప్పాను. ఆవిడ సరే అంది, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఇంటి కప్పు కూలలేదు.

జూలై 5, శనివారం

గోదాము కాటా పని అయింది. గుళ్లు మైకు ఎక్కించాడు. నేను ఎత్తు కుర్చీలో కూర్చుని అంకె చూశాను. కాసేపు కూర్చుని, కాసేపు నిలబడి.

మొదటి గుండు ఎత్తబోతూ మైకు ఆగాడు. పలక చుట్టూ తిరిగి వచ్చాడు. కింద వంగి చూశాడు. జేబులోంచి పటకారు తీసి నాకు చూపించి దూరంగా కిటికీలో పెట్టాడు.

"పళ్లెం ఖాళీ బావా!" అని అరిచాడు. గోదాములో పావురాలన్నీ లేచాయి.

వాడు ఎక్కిస్తుంటే నా చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ప్రతి గుండుకూ అవే ముందుకు వెళ్లాయి. చివరికి వాటి మీద కూర్చున్నాను. అంకె ఎక్కడా తేడా రాలేదు. ఇద్దరి చెయ్యి పడినా పని చెడలేదు. ఈ మాట వాడికి చెప్పలేదు. చెబితే ఊరంతా వింటుంది.

తిరిగి వచ్చేసరికి ఆరున్నర. గంట కాదు, నొప్పి.

జూలై 8, మంగళవారం

పొద్దున మామూలుగానే అడిగింది. "ఎంత?"

"ఐదు."

"నేనూ ఐదే అనుకున్నాను."

స్నానానికి నీళ్ల బకెట్టు ఎత్తి బాత్రూం దాకా మోసింది. వస్తూ గుమ్మం పట్టుకుని నిలబడింది. రెండో చెయ్యి నడుం మీద ఉంది. నెల పైగా రోజూ చూస్తున్న దృశ్యమే.

"నీకెంత?" అన్నాను.

"ఏంటి?"

"నడుం. పదిలో."

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను. ఒకటి."

"మేకు తీసి చెప్పు."

వచ్చి మంచం అంచున కూర్చుంది. ఇన్నాళ్లూ నన్ను లేపిన చెయ్యి, మెడ, నడుం అన్నీ ఒక్కసారి కూర్చున్నట్టు కూర్చుంది.

"ఐదు" అంది.

ఆవిడను లేవనివ్వలేదు. నేనే నెమ్మదిగా వీధి గుమ్మం దాకా నడిచి, కొట్టుకు పోతున్న మైకుని ఆపాను. రేపటి నుంచి పొద్దున్నే వచ్చి బకెట్టు నువ్వు మోయాలిరా, మీ అక్కకు నడుం నొప్పి అన్నాను.

"అక్కకి నడుం నొప్పా!" అన్నాడు.

ఇప్పుడు వీధంతటికీ తెలుసు. ఎదురింటి టీచరమ్మ కూడా కిటికీ తీసింది. మా ఆవిడ లోపలి నుంచి "వాడికెందుకు చెప్పారండీ!" అని అరిచింది. అరుపులో కోపం లేదు.